కనిపించని పులికి కేక

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. అడవిలో బడేమిటని నవ్వకండి. పలకా బలపం ఉంటేనే బడి అనుకునేది మనం. ఆ బడిలో ఒకటే చదువు, కేక చదువు. దుప్పి పిల్లలు, కొండముచ్చు పిల్లలు, అడవికోడి పిల్లలు పొద్దున్నే ఒక రాతిబండ చుట్టూ చేరేవి. పులి కనిపిస్తే ఒక కేక. చిరుత కనిపిస్తే ఇంకో కేక. రేచుకుక్కల గుంపు కనిపిస్తే మూడో కేక. ఈ మూడూ తప్పు లేకుండా వస్తే చదువు పూర్తయినట్టే. అడవిలో ఒకరి కేక మీద వందమంది ప్రాణాలు నిలబడి ఉంటాయి మరి.

బండ మీద నిలబడి పాఠం చెప్పేది నీలకంఠం పంతులు. ఆయన నెమలి. తోక పొడుగు, మెడ పొడుగు, ఉపన్యాసం అంతకన్నా పొడుగు. చెడ్డవాడు కాదు. కాని బడికి మాట రాకూడదన్న పట్టుదల ముందు ఆయనకు ఇంకేదీ కనిపించేది కాదు.

ఆ బడిలో ఒక నియమం ఉంది. కేక వేసిన పిల్ల, ఏం చూసి వేసిందో వెంటనే చూపించాలి. చూపించలేకపోతే అది దొంగకేక. దొంగకేక వేసిన పిల్ల తిండివేళ దాటేదాకా బండ పక్కనున్న చీమలపుట్ట వైపు మొహం పెట్టి నిలబడాలి. ఆ నియమంలో అర్థం లేకపోలేదు. ఊరికే అరుస్తూ పోతే నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ కదలరు. అర్థం ఉన్న నియమాలతోనే కదా పెద్దవాళ్లు పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది.

మధ్యాహ్నం తిండి పెట్టేది బూదెమ్మ. ముసలి కొండముచ్చు. నేరేడు చెట్టెక్కి లేత కొమ్మలు విరిచి కింద పడేసేది. దుప్పి పిల్లలకు అందని ఆకు అలా అందేది. ఆమె చేయి ఎంత మంచిదో నోరు అంత దురుసు.

ఆ బడిలో ఇప్ప అనే దుప్పి పిల్ల చదువుకునేది. దాని చెవులు చాలా చురుకు. దాని పక్కన ఎప్పుడూ రేల అనే ఇంకో దుప్పి పిల్ల కూర్చునేది. రెండూ ఒకే ఆకును చెరో వైపు నుంచి కొరుక్కుని తినేవి.

ఎండాకాలంలో ఒకరోజు పిల్లలందరూ వాగుకు నీళ్లకు వెళ్లాయి. రేచుకుక్కలు వచ్చాయి. అందరూ పరిగెత్తారు. రేల తిరిగి రాలేదు.

మర్నాడు బడి మామూలుగా మొదలైంది. రేల కూర్చునే చోట ఒక అడవికోడి పిల్లను కూర్చోబెట్టారు. పంతులు గొంతు సవరించుకుని, "నిన్న ఎక్కడ ఆపాం?" అన్నాడు. పాఠం సాగింది. రేల పేరు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పకు మాత్రం ఆ రోజు నుంచి గుండె ఒక చోట నిలవడం లేదు.

ఒకరోజు గడ్డి కదిలింది. ఇప్ప కేక వేసింది. అందరూ లేచి నిలబడ్డారు. చూస్తే గాలి. పంతులు పుట్ట వైపు మెడ చాచాడు. ఇప్ప వెళ్లి నిలబడింది.

ఇంకోరోజు పొద చప్పుడైంది. ఇప్ప కేక వేసింది. చూస్తే ముళ్లపంది, తన దారిన తాను పోతోంది. "ఏమ్మా, నన్ను చూసి కూడా పులంటారా ఈ బడిలో? పోనీలే, ఇన్నాళ్లకు నాకూ మర్యాద దక్కింది," అంది అది. పిల్లలు పడీపడీ నవ్వాయి. ఇప్ప మళ్లీ పుట్ట దగ్గర నిలబడింది.

మూడోసారి ఏమీ కదల్లేదు. గాలి లేదు, చప్పుడు లేదు. పాఠం మధ్యలో ఇప్ప ఉన్నట్టుండి కేక వేసింది.

"ఏదీ? చూపించు," అన్నాడు పంతులు.

ఇప్ప తల వంచుకుంది. "బయట లేదండీ పంతులుగారూ. లోపల ఉన్నట్టుంది."

"లోపలా?" పంతులు మెడ నిక్కించాడు. "పులి కడుపులో దుప్పి ఉండటం విన్నాను గాని, దుప్పి కడుపులో పులి ఉండటం ఇదే వినడం."

తోకన్న అనే కొండముచ్చు కుర్రవాడు కొమ్మ మీద నుంచి కింద పడేంత నవ్వాడు. "ఒసే ఇప్పా, కొంచెం నోరు తెరువు, దాని తోకైనా కనిపిస్తుందేమో చూస్తాను."

సాయంత్రం ఇప్ప ఇంటికి వెళ్లి తల్లితో చెప్పుకుంది. "అమ్మా, నాకు ఎప్పుడూ భయంగా ఉంటోంది."

"భయపడటానికి ఏముందే నీకు? మేపుతున్నాం, చదివిస్తున్నాం," అంది తల్లి. "గుంపులో తలెత్తుకోలేకపోతున్నాను. దొంగకేకల దుప్పి తల్లి అంటున్నారు నన్ను. ఇక నోరు మూసుకుని చదువుకో."

ఇప్ప పెద్దల మాట వినే పిల్ల. నోరు మూసుకుంది.

ఆ తర్వాత నెల రోజులు దాని నోట ఒక్క కేక లేదు. అల్లరి లేదు. అడిగితే జవాబు, లేకపోతే మౌనం. నీలకంఠం పంతులు మురిసిపోయాడు. "చూశారా, క్రమశిక్షణ అంటే ఇది. ఇప్ప ఎంత బాగుపడిందో," అన్నాడు అందరిముందూ. పిల్ల ఆరిపోతుంటే బాగుపడిందనుకునేవాళ్లు ఆ అడవిలోనే ఉంటారని అనుకోకండి.

బూదెమ్మకు పాఠాలు తెలియవు. ఎవరు ఎంత తిన్నారో తెలుసు.

"ఇదిగో పిల్లా," అంది ఒకరోజు కొమ్మ మీద నుంచి. "మూడు రోజులుగా నీ ముందు పడేసిన ఆకు పడేసినట్టే ఉంది. నా చేతి ఆకు చేదా?"

"ఆకలి లేదు అవ్వా."

"ఎదిగే పిల్లకు ఆకలి లేకపోవడమేమిటే?"

ఇప్ప తలెత్తి చూసింది. ఆ కళ్లు చూసి బూదెమ్మ చెట్టు దిగి పంతులు దగ్గరకు వెళ్లింది.

"ఆ పిల్ల తినడం లేదు పంతులూ. నిద్ర కూడా ఉన్నట్టు లేదు. ఒకసారి కూర్చోబెట్టుకుని అడుగు."

"బూదెమ్మా, నీ పని ఆకులు వేయడం. పిల్లల చదువు నేను చూసుకుంటాను."

"చదువు సంగతి నేను ఎత్తానా?" అంది బూదెమ్మ. కాని ఆయన అప్పటికే తోక సర్దుకుని వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాక కావలి పరీక్షలు వచ్చాయి. ఒక్కో పిల్ల ఒక పూట మిట్ట మీద నిలబడి కావలి కాయాలి. మిగతావాళ్లు నిశ్చింతగా మేస్తారు. ఇప్ప వంతు ఒక మధ్యాహ్నం వచ్చింది.

పంతులు మిట్ట కింద తోక ఆరబెట్టుకుంటున్నాడు. పిల్లలు గడ్డిలో ఉన్నాయి. ఇప్ప చూస్తోంది. దూరంగా గడ్డి మధ్యలో పసుపుపచ్చటి మచ్చ ఒకటి కదిలింది. దాని మీద నల్లటి చుక్కలు.

చిరుత.

ఇప్ప గొంతు దాకా కేక వచ్చింది. అక్కడే ఆగింది. ఇది బయటిదా, లోపలిదా? ఆమధ్య గాలిని చూసి పులి అనుకున్నాను. ముళ్లపందిని చూసి పులి అనుకున్నాను. ఏమీ లేనప్పుడు కూడా అనుకున్నాను. ఇదీ అదే అయి ఉంటుంది. అందరూ నవ్వుతారు. అమ్మ తలెత్తుకోలేదు.

చిరుత పది అడుగులు దగ్గరకు వచ్చింది. ఇప్ప వణుకుతోంది గాని అరవలేదు.

మిట్ట పక్క చెట్టు మీద ఉన్న బూదెమ్మ గడ్డి వైపు చూడటం లేదు, ఇప్ప వైపు చూస్తోంది. పిల్ల వణుకు చూసింది. దాని చూపు ఎటు ఉందో అటు చూసింది. వెంటనే కొమ్మ ఊపుతూ చెవులు చిల్లులు పడేలా చిరుత కేక వేసింది. పిల్లలు తలో దిక్కు పరిగెత్తాయి. పంతులు ఎగిరే లోపే చిరుత ఆయన మీదకు దూకింది. ప్రాణం దక్కింది గాని, తోకలో సగం ఈకలు దాని గోళ్లలో మిగిలాయి.

చిరుత వెళ్లిపోయాక అందరూ ఇప్ప చుట్టూ మూగారు. మొండితోకతో పంతులు ఊగిపోతున్నాడు.

"నీకు చిరుత కనిపించిందా, లేదా?"

"కనిపించిందండీ."

"మరి ఎందుకు అరవలేదు?"

"నాకు కనిపించేవన్నీ దొంగవని మీరే కదండీ నేర్పారు."

పంతులు మొండితోక విదిలించాడు. "ఈ పిల్ల ఈ బడికి పనికిరాదు. రేపటినుంచి రానక్కర్లేదు," అన్నాడు.

కేక చదువు లేని దుప్పి పిల్లను ఏ గుంపూ కావలికి నమ్మదు. కావలికి నమ్మని పిల్లను ఆఖర్న నడవమంటారు. ఆఖర్న నడిచే పిల్ల ఎన్నాళ్లుంటుందో అడవిలో అందరికీ తెలుసు. ఇప్పకూ తెలుసు. అది ఏడవలేదు. సరేనని తల ఊపింది. ఆ తల ఊపడం చూసే బూదెమ్మకు ఒళ్లు మండింది.

"ఆగు పంతులూ," అంది. "నీ బడిలో పులికి ఒక కేక ఉంది. చిరుతకు ఉంది. రేచుకుక్కలకు ఉంది. గుండె దడకు కేక ఏదీ?"

"దానికి కేకెందుకు? కంటికి కనిపించేది కాదు."

"కనిపించేదాని నుంచి పారిపోవచ్చు. కనిపించనిదాన్ని మోసుకుని ఎక్కడికి పారిపోతుంది? సరే, ఒకటి చెప్పు. రేల పోయిన మర్నాడు ఏం పాఠం చెప్పావు?"

పంతులు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"దాని పేరు ఎత్తావా? దాని పక్కన కూర్చునే పిల్లను పిలిచి, తల్లీ ఎలా ఉన్నావని అడిగావా? ఖాళీ చోట ఇంకొకర్ని కూర్చోబెడితే ఖాళీ నిండిపోతుందనుకున్నావు. ఇప్పుడు పిల్లను పంపించేస్తే తప్పు కూడా దాని వెంట పోతుందనుకుంటున్నావు. పంపించు. తర్వాత ఇంకో పిల్లకు గుండె దడ వస్తుంది. దాన్నీ పంపించు. ఆఖరికి బండ మీద నువ్వొక్కడివే నిలబడి పాఠం చెప్పుకో."

పంతులు తన విరిగిన ఈకల వైపు చూశాడు. తర్వాత, "ఇప్పా, రేపు బడికి రా," అన్నాడు. గొంతులో పొడుగు తగ్గింది.

మర్నాడు ఆయన నాలుగో కేక నేర్పాడు. గొంతు పెంచక్కర్లేదు. నోరు మూసుకునే, ఛాతీలోంచి సన్నగా అనాలి, మూలిగినట్టు. "ఇది విన్నవాళ్లు ఏదీ, ఎక్కడా అని అడగకూడదు. వచ్చి పక్కన నిలబడాలి. ఈ కేకలో దొంగకేక లేదు," అన్నాడు.

ఆ రోజు ఎవరూ ఆ కేక వేయలేదు. సిగ్గు.

రెండో రోజు తోకన్న వేశాడు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, కళ్లు తేలేసి, వెక్కిరిస్తూ వేశాడు. అందరూ నవ్వారు. ఇప్ప చెవులు వాల్చుకుంది.

మూడో రోజు పాఠం మధ్యలో ఆ కేక మళ్లీ వినిపించింది. పిల్లలు తోకన్న వైపు తిరిగాయి. వాడు "నేను కాదు" అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కేక బండ మీద నుంచి వచ్చింది.

నీలకంఠం పంతులు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఆ రోజు వాగు ఒడ్డున కావలి నాది," అన్నాడు మెల్లగా. "తోక తడుస్తుందేమోనని చూసుకుంటున్నాను. రేచుకుక్కల్ని చూడలేదు. అప్పటినుంచి కళ్లు మూస్తే వాగే కనిపిస్తోంది. రేల పేరెత్తితే మీ ముందు ఏడుస్తానని ఎత్తలేదు."

పిల్లలకు ఏం చేయాలో తెలియలేదు. పంతులు భయపడటం వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

"మరి మిమ్మల్ని ఎవరూ పుట్ట దగ్గర నిలబెట్టలేదా పంతులుగారూ?" అన్నాడు తోకన్న. ఈసారి వాడి గొంతులో వెక్కిరింత లేదు.

"లేదు నాయనా. నేను ఎవరికీ చెప్పలేదు కదా."

అప్పుడు ఇప్ప లేచింది. మెల్లగా నడిచి బండ ఎక్కింది. ఏదీ అని అడగలేదు. ఎక్కడ అని అడగలేదు. పంతులుకు ఆనుకుని నిలబడింది. కాసేపటికి దాని ఛాతీలోంచి కూడా ఆ మూలుగు వచ్చింది. నెలల తరబడి గొంతులో ఇరుక్కున్నది కదా, తెగి తెగి వచ్చింది. తోకన్న చెట్టు దిగాడు. అడవికోడి పిల్లలు వచ్చాయి. మిగతా దుప్పి పిల్లలు వచ్చాయి. బండ మీద చోటు చాలక కొన్ని కింద నిలబడ్డాయి. ఎవరో "రేల పరిగెడితే వెనక్కాలు ఎగరేసేది కదా" అన్నారు. ఇప్ప ఏడుస్తూనే నవ్వింది.

ఆ రోజు పాఠం జరగలేదని కొందరు తల్లులు గొణిగారు. ఇప్ప తల్లి గొణగలేదు. ఆ సాయంత్రం కూతురి పక్కన ఊరికే నిలబడింది. ఏం మాట్లాడాలో ఆమెకూ తెలియదు పాపం.

ఇప్పకు ఆ పూటే నయమైపోయిందని చెబితే మీరు సంతోషిస్తారు గాని, అబద్ధమవుతుంది. కొండ అవతల మనసు సంగతి తెలిసిన ఎలుగుబంటి వైద్యురాలు ఉంటే, తల్లి వారానికోసారి అక్కడికి తీసుకెళ్లింది. దాచిపెట్టి కాదు, గుంపులో అందరికీ చెప్పే తీసుకెళ్లింది. కొన్ని రోజులు ఇప్ప బాగా ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. బాగాలేని రోజు నాలుగో కేక వేసేది. ఎవరో ఒకరు పాఠం వదిలి వచ్చి దాని పక్కన నిలబడేవారు.

నీతి: భయంగా ఉందని పిల్ల చెప్పినప్పుడు, ఆ భయాన్ని చూపించమని అడగకండి, ముందు వెళ్లి పక్కన నిలబడండి.