రాణిగారి ఇనప కొండ

అనగనగా ఒక ఊళ్ళో, చీమకి కూడా ఎత్తుపల్లం తెలియనంత చదునైన ఊళ్ళో, ఒక రాజున్నాడు. ఎటు చూసినా వరిచేలే, ఎత్తంటే గడ్డివామే. ఆ రాజు ఏటి అవతల, కొండ కింద ఊరి పిల్లని చేసుకొచ్చాడు. ఆ పిల్లకి కొండ బెంగ పట్టుకుంది. తినదు, నవ్వదు.

ఏవిట్రా పండూ? పుట్టింటికి పంపొచ్చుగా అంటావా? రాజుకి ఆ బుద్ధే ఉంటే నాకీ కథెక్కడిది!

కమ్మరి లింగాచారిని పిలిచి, కోట ముందు ఇనుముతో ఆ కొండ చెయ్యమన్నాడు. లింగాచారి బండి కట్టుకుని కొండ చూడబోతే ఏరు పొంగుతోంది. ఇవతలి గట్టునే నిలబడి చూసుకుని వచ్చేశాడు. ఇహ కొట్టాడు, కొట్టాడు, కాల్చి కొట్టాడు, సాగదీసి కొట్టాడు, రేకుకి రేకు అతికించి కొట్టాడు. తాడిచెట్టంత ఎత్తు! నూనె రాసి అద్దంలా తోమాడు. ఊరంతా మూగింది. కొండెరగని జనం కదూ, ఏనుగన్నారు కొందరు, బోర్లించిన మూకుడన్నారు కొందరు. రాణి మాత్రం ఇది మా కొండ కాదని మొహం తిప్పుకుంది. రాజుకి తిక్క రేగింది. నెల తిరిగేలోగా ఆవిడ నోట మా కొండే అనిపించకపోతే కొలిమి ఆర్పి ఊరొదిలి పొమ్మన్నాడు. ఊ కొడుతున్నారా?

ముసలి లింగాచారి కూలబడ్డాడు పాపం. అతని కోడలు మాణిక్యం, ఎందుకు కాదందో అడిగితే పోలా అని తిన్నగా రాణి దగ్గరికే వెళ్ళింది. మా కొండ ఎర్రగా ఉంటుంది, గరుగ్గా ఉంటుంది, ఎక్కితే మోకాలు గీరుకుంటుంది, దిగితే పావడా ఎర్రబడుతుంది అని చెప్పింది రాణి. మాణిక్యం పకపకా నవ్వుకుంటూ ఇంటికొచ్చి, "ఏటి ఇవతల్నించి చూశారా మావయ్యా! దూరపు కొండలు నునుపని తెలీదూ?" అంది.

సుత్తి పుచ్చుకుని ఆ నున్నటి కొండకి సొట్టలు పెట్టింది, గాట్లు పెట్టింది, నూనెకుండ దాచేసింది. వానలు పట్టుకున్నాయి. కొండ తడిసింది, తుప్పెక్కింది. ఇనుముకి తుప్పు పట్టనిచ్చిన కమ్మరిని లోకం ఏమంటుందే అని లింగాచారి ఒకటే గోల! పైపంచెతో తుడవబోతాడు, కోడలు లాక్కుంటుంది. మళ్ళీ తుడవబోతాడు, మళ్ళీ లాక్కుంటుంది.

నెల నిండింది. రాణి వచ్చి చుట్టూ తిరిగి చెయ్యి రాసింది. చెయ్యి ఎర్రబడింది. అంతే, చీర దోపుకుని చకచకా ఎక్కేసి, మా కొండే, మా కొండే అని వెక్కివెక్కి ఏడ్చింది, సంతోషంతో.

రాజు కిందనించి అన్నానికి రమ్మంటే, నువ్వే రా అంది. ఎక్కాడు, మోకాళ్ళు గీరుకుంటూ. అంత ఎత్తునించి తన రాజ్యం ఎప్పుడూ చూళ్ళేదు. ఈ చివరా ఆ చివరా ఒక్కసారే కనబడేసరికి, ఇంతేనా నా రాజ్యం అని నోరు తెరిచాడు. దిగొచ్చి, ఊరొదిలి పొమ్మన్నందుకు లింగాచారి చేతులు పట్టుకున్నాడు. అందరూ చల్లగా ఉన్నారు. లింగాచారి మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ తుప్పుకేసి చూళ్ళేదట!

గట్టు మీంచి చూసి తెలిసిందనుకోకండర్రా, దగ్గరికెళ్ళి తాకి చూడండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.