షర్బత్తు ఉర్సు

నంద్యాల దారిలో లారీలు ఆగే చిన్న దర్గా ఒకటి ఉంది. అక్కడ షర్ఫుద్దీన్ బాబా దగ్గర ఖాసిం అనే శిష్యుడు ఉండేవాడు. పసితనంలోనే తల్లి పోతే బాబా పెంచారు. దర్గా హుండీ పెత్తనం అతనిది. మంచివాడే, కాని తాళంచెవి చేతికొచ్చాక గొంతు కాస్త పెరిగింది.

దర్గాలో ఏటా జరిగే ఉర్సు పండుగ దగ్గర పడింది. వచ్చినవాళ్ళందరికీ బిర్యానీ పెట్టాలి. బియ్యానికి డబ్బు చాలేలా లేదు. ఎప్పుడో ఖాసిం పుట్టిన ఏడు ఉర్సుకు పొయ్యే వెలగలేదట. తలా ఒక గ్లాసు షర్బత్తు పోసి పంపేశారట. "ఈసారీ షర్బత్తు ఉర్సేనా?" అని ఊళ్ళో ముసలివాళ్ళు అప్పుడే ఆటపట్టిస్తున్నారు. ఖాసింకు తల కొట్టేసినట్టుగా ఉంది.

ఆ పొద్దున సుభాషిణి వచ్చింది. ఆమె భర్త లారీ డ్రైవరు. అతనికి హెచ్.ఐ.వి. ఉందని ఈమధ్యే తేలింది. మందులు మొదలుపెట్టారు గాని, అవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుందట. అంతవరకు ఆ జబ్బు సుభాషిణికి అంటకుండా ఆమెను రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు డాక్టరు. అలాంటివాళ్ళకు దర్గానే మాత్రలు కొనిచ్చేది.

"ఉర్సు అయినాక రాక్కా," అని ఖాసిం పంపేశాడు. ఆమె కొంగు సర్దుకుని బస్సు ఆగేచోటికి నడిచింది.

లోపలి నుంచి బాబా విన్నారు.

"మాత్రలు లేవా నాయనా?"

"ఉండాయి బాబా. అంగట్లో వాపసిస్తే బియ్యానికి డబ్బులొస్తాయి."

"ఆ బిడ్డ గతి?"

"ఆమెకేం జబ్బు బాబా? రాయి మాదిరి ఉండాది. జబ్బు చేసినోళ్ళకి ఇస్తే, తగ్గేది కండ్లకి కనపడుతుంది. రాని జబ్బుకి ఇంత ఖర్చా? ఇట్లాంటి మందుతో బాగుపడిన మనిషిని ఒక్కణ్ణి చూపియ్యండి, నోరు మూసుకుంటా."

"మూయొద్దు. తెరువు," అన్నారు బాబా.

గూట్లోంచి తేనె సీసా, పాత గాజు డ్రాపరు తీశారు. ఖాసిం ఆశ్చర్యపోయాడు. ఏటా ఉర్సు పొద్దున బాబా అందరి నాలుక మీదా వేలితో తేనె రాసేవారు. ఒక్క ఖాసింకు మాత్రం ఆ డ్రాపరుతో చుక్క వేసేవారు. బాబా తర్వాత గద్దె తనదేననడానికి అదే గుర్తని అతను లోలోపల మురిసిపోయేవాడు. ఆ రోజంతా కాస్త నిక్కి నడిచేవాడు కూడా.

"ఇవాళ ఉర్సు కాదు కదా బాబా?"

బాబా చుక్క వేశారు. "తియ్యగా ఉందా?"

"ఉంది."

"మొదటిసారి దీంతోనే వేస్తే గుక్కపట్టి ఏడిస్తివి. అది చేదు మందు. నువ్వు అప్పుడే పుట్టినావు."

ఖాసిం తేనె మింగలేకపోయాడు.

"మీ అమ్మకు ఆ జబ్బే నాయనా. అది నీకు రాకుండా కాన్పప్పుడు ఆమెకు మాత్ర ఇచ్చిరి, నీకు చుక్కలు వేస్తిమి. పట్నం ఆసుపత్రికి, మందులకి ఉర్సు డబ్బంతా పెడితి. రాని జబ్బుకి ఖర్చేందని అప్పుడూ అడిగినారు." బాబా డ్రాపరును పంచె అంచుతో తుడిచారు. "ఏడాదికోసారి నీ నోట్లో తేనె వేసి అల్లాకి షుక్రియా చెప్పుకుంటా. అంతే."

ఖాసిం ఆయన పాదాలు పట్టుకున్నాడు.

"ఒక్కణ్ణి చూపియ్యమంటివి కదా," అన్నారు బాబా. "పో, బస్సొస్తాది."

మాత్రల డబ్బా తీసుకుని పరుగెత్తాడు. సుభాషిణి బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అందుకున్నాడు. రెండు చేతులతో డబ్బా ఇచ్చాడు.

ఆమె కంగారుగా చూసింది. "ఉర్సు అయినాక రమ్మంటివే తమ్ముడూ? వంటకి డబ్బులు చాలవంటనే?"

"చాల్తాయక్కా," అన్నాడు ఖాసిం, కళ్ళ నీళ్ళతోనే నవ్వుతూ. "ఈసారి షర్బత్తు పోస్తాం."