ఓబులేసు మూడో గూడు

అనగనగా ఒక అడవిలో, మడుగు మీదికి వాలిన ఈత చెట్టు మీద ఓబులేసు అనే గిజిగాడు ఉండేవాడు. అల్లికలో వాడిని మించినవాడు లేడు. కోపంలోనూ అంతే.

గిజిగాళ్ల పెళ్లిచూపులు మనలా కాదర్రా. మగపిట్ట సగం గూడు అల్లి పెట్టాలి. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, పోచ పోచా లాగి చూస్తుంది. నచ్చితేనే పెళ్లి. ఆ తర్వాతే మిగతా సగం గూడు.

ఓబులేసు గూటికి మొదట వచ్చిన పిట్ట, గుమ్మం కాస్త ఇరుగ్గా ఉందంది. అంతే, వాడికి ఒళ్లు మండిపోయింది. అసలు గుమ్మమే లేకపోతే ఇరుకు అన్న మాటే ఉండదంటూ గూడంతా పీకి పారేశాడు. ఆమె జడుసుకుని పక్క కొమ్మకు పోయి, అక్కడే కాపురం పెట్టేసింది. రెండో పిట్ట వచ్చి అల్లిక పల్చగా ఉందంది. ఆ గూడూ మడుగు పాలైంది.

మడుగులో రత్తవ్వ అనే ముసలి గేదె పడుకుని ఉండేది. నెత్తిన పడ్డ గడ్డిని నింపాదిగా నమిలి, చాలా బాగుందనీ, రేపు కూడా కాస్త కోప్పడమనీ ఓబులేసును అడిగింది.

ఓబులేసుకు ఏడుపొచ్చింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. వానలు పడేలోగా జత కుదరకపోతే ఈ ఏడాది వాడికి గుడ్లూ లేవు, పిల్లలూ లేరు.

"నాకు గూడు కావాలవ్వా. కానీ ఎవరైనా వంక పెడితే నా ముక్కు నా మాట వినదు" అన్నాడు.

"నా కొమ్ములూ ఒకప్పుడు అంతేరా" అంది రత్తవ్వ. "ఇప్పుడు కోపమొస్తే ముందు బురదలో దిగుతాను. ఒళ్లు చల్లబడ్డాక పొడుద్దామని లేస్తాను. అప్పటికి ఎవర్ని పొడవాలో గుర్తుండదు."

మూడో గూడు సగమయ్యేసరికి చంద్రి వచ్చింది. జత కుదరని ఆడపిట్ట ఇక ఆమె ఒక్కతే. లోపల కూర్చుంది. గాలి వీచింది.

"గూడు మరీ ఊగుతోందయ్యా. ఇందులో గుడ్లు నిలవవు" అంది.

ఓబులేసు ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ముక్కుతో ఒక పోచ పట్టుకున్నాడు కూడా. ఏమనుకున్నాడో, దాన్ని వదిలేసి, రివ్వున కిందికి దిగి బురదలో ముక్కు గుచ్చాడు. నోటినిండా బురద. ఇక తిట్టడానికి లేదు, పీకడానికి లేదు. రత్తవ్వ కడుపుబ్బ నవ్వింది.

అలాగే కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాడు. గుండె దడ తగ్గింది. అప్పుడు గాని చంద్రి అన్న మాట వాడి చెవికెక్కలేదు. ఆమె వాడిని ఏమీ అనలేదు. గూడు ఊగుతోందంది. తలెత్తి చూస్తే నిజంగానే ఊగుతోంది.

నోట్లో బురదతోనే పైకెగిరి, దాన్ని గూటి లోపల గోడకు మెత్తాడు. మళ్లీ దిగి మరికొంత తెచ్చాడు. ఆ బరువుకు గూడు కుదురుగా నిలిచింది. చంద్రి గూటిని చూసింది. మూతినిండా బురదతో నిలబడ్డ పెళ్లికొడుకునీ చూసింది.

"గూడు నచ్చింది. ముందు మొహం కడుక్కో. తర్వాత మిగతా సగం అల్లుదువుగాని" అంది.

గూడు పూర్తయి చంద్రి గుడ్లు పెట్టాక, తొలివాన ఈదురుగాలితో వచ్చింది. చెట్టంతా అల్లాడిపోయింది. ఓబులేసు గూట్లో గుడ్లు మాత్రం కదల్లేదు. తెల్లారేసరికి చుట్టుపక్కల గిజిగాళ్లందరూ బురద కోసం మడుగు దగ్గర బారులు తీరారు.

నీతి: కోపం రావడం తప్పు కాదు. అది చల్లారేదాకా ఆగితే, ఎదుటివాళ్లు చెప్పిన మంచి మాట చెవికెక్కుతుంది.