చిల్లు పెట్టనివ్వని జాడీ

అనగనగా ఒక అడవి. కార్తీకమాసం వస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడికే వనభోజనాలకి వెళ్ళేవారు. తిని, ఆడి, పాడి, సగం సామాన్లు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేవారు. మనవాళ్ళ సంగతి మీకు తెలిసిందేగా!

అలా మరిచిపోయిన ఊరగాయ జాడీ ఒకటి సింగారికి దొరికింది. సింగారి అంటే ఒక కొండముచ్చు. అది తెల్లటి పింగాణీ జాడీ, మెడ చుట్టూ నీలం పువ్వులు. సింగారి దాన్ని ఏటి నీళ్ళతో కడిగింది. తోకతో తుడిచింది. తను ఉండే చెట్టు కింద బండమీద పెట్టుకుంది. దారిన పోయే కుందేళ్ళు ఆగి మరీ చూసేవి. నెమలి అయితే అందులో తన మొహం చూసుకునేది. సింగారి మురిపెం అంతా ఇంతా కాదు.

ఆ వేసవిలో కొండకి నిప్పంటుకుంది. కొండమీదున్న నేలవేము మొక్కలన్నీ కాలిపోయాయి. నేలవేము అంటే తెలుసా? మహా చేదు. కానీ వానాకాలం జ్వరాలకి ఆ అడవిలో అదొక్కటే మందు.

తొలకరి పడగానే ఏదు తాత వెతకడం మొదలుపెట్టాడు. ఏదు అంటే ఏదుపంది, ఒంటినిండా ముళ్ళుంటాయే, అదీ. కొండంతా తిరిగితే చివరికి వాగు గట్టున, రాళ్ళ సందులో ఒకే ఒక్క మొలక కనిపించింది. పెద్దవాన వస్తే వాగు దాన్ని లాక్కుపోతుంది. తాత దాని వేళ్ళు తెగకుండా తవ్వి, సింగారి దగ్గరికి తెచ్చాడు.

"అమ్మాయ్, నాకు తవ్వడమే వచ్చు. పెంచడానికి నీలా చేతులుండాలి. దీన్ని బతికించు తల్లీ. భాద్రపదానికి మందుకి ఆకొస్తుంది. ఆపైన గింజ పడుతుంది. ఆ గింజ చల్లుకుంటే మళ్ళీ కొండంతా నేలవేమే" అన్నాడు.

"ప్రాణంలా చూసుకుంటాను తాతా! నా జాడీలో పెడతాను" అంది సింగారి.

"పెట్టు, కాదనను. కానీ అడుగున చిల్లు కొట్టాలి. ఎక్కువైన నీళ్ళు కిందికి పోవాలి కదా?"

"చిల్లా! నా జాడీకా!" సింగారి జాడీని రెండు చేతులా వాటేసుకుంది.

"పోనీ, అదిగో ఆ పాత కుండ తీసుకో. అడుగున బీట ఉంది. నీళ్ళు వాటంతటవే పోతాయి."

"ఛీ, ఆ మసికుండా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు తాతా!"

తాత నిట్టూర్చాడు. "సరే, మట్టయినా చూసి వెయ్యి. ఎర్రమట్టి, ఇసక, మాగిన ఆకుల ఎరువు, మూడూ కలుపు. పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలాలి. పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యి. ఆ చిల్లు సంగతి మాత్రం మరిచిపోకు."

"అలాగే తాతా" అంది సింగారి. తాత నమ్మి వెళ్ళిపోయాడు.

సింగారి ఏం చేసిందో తెలుసా? చిల్లు పెట్టలేదు. చెరువుకెళ్ళి నల్లటి బంకమట్టి తెచ్చింది. తెల్లటి జాడీలో నల్లటి మట్టి అయితే మెరుస్తుందట! మొక్కకి ఊపిరాడాలి గానీ మెరుపెందుకు చెప్పండి? నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చూడ్డానికి అందరూ వచ్చారు. "అబ్బ, జాడీ ఎంత బాగుందో!" అన్నారు. మొక్క ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఎవరొచ్చినా సింగారి జాడీ తుడిచి, వాళ్ళ ముందు కాసిని నీళ్ళు పోసేది. రోజుకి ఎంతమంది వస్తే అన్నిసార్లు పోసేది.

ముందు ఒక ఆకు పసుపుపచ్చగా మారింది. "పాపం, దాహం" అని ఇంకాస్త పోసింది. తర్వాత రెండు ఆకులు రాలాయి. "పాపం, ఆకలి" అని పచ్చిపేడ తెచ్చి మొక్క మొదట్లో కూరింది. ఆ సాయంత్రం మట్టిలోంచి ఒక వానపాము ఆయాసపడుతూ బయటికొచ్చింది.

"అమ్మా, లోపల ఊపిరాడటం లేదు. నేను పాక్కుంటూ బయటపడ్డాను. పాపం, ఈ మొక్క అలా రాలేదు కదా! ఒక్క చిల్లు పెట్టవూ?" అంది.

సింగారి రాయి తీసింది. నీలం పువ్వుల వంక చూసింది. జాడీ పగిలిపోతే? "రేపు చూద్దాంలే" అని రాయి కింద పెట్టేసింది.

మూడోనాడు కాడ వాలిపోయింది. సింగారి ఏడుస్తూ తాత దగ్గరికి పరుగెత్తింది. తాత వచ్చి, జాడీని పక్కకి ఒరిగించి, మొనదేలిన రాయితో అడుగున నెమ్మదిగా కొట్టాడు. చిల్లు పడింది. జాడీకి చిన్న బీట కూడా రాలేదు. నల్లటి నీళ్ళు కంపుకొడుతూ కారాయి. మొక్కని తీసి వాసన చూస్తే, కుళ్ళిన వేళ్ళు గుజ్జుగుజ్జయి తాత ముక్కుకి అంటుకున్నాయి.

"బతుకుతుందా తాతా?" అంది సింగారి.

తాత తల అడ్డంగా ఊపాడు.

భాద్రపదం వచ్చింది. జ్వరాలొచ్చాయి. కుందేళ్ళు కుర్రవి, ఎలాగో లేచి తిరిగాయి. ఏదు తాత ముసలివాడు, లేవలేకపోయాడు. సింగారి మూడు కొండలు దాటి వెతికింది. ఒక్క నేలవేము ఆకు దొరకలేదు. వట్టి చేతులతో తాత బొరియ దగ్గరికొచ్చి, తడిపిన ఆకుతో ఆయన పెదాలు తుడిచింది.

"నన్ను తిట్టు తాతా. నేనే చంపాను దాన్ని" అంది.

"తిట్టి ఏం లాభం తల్లీ? నువ్వు ప్రేమగానే పెంచావు. కాకపోతే ఆ ప్రేమంతా జాడీ మీదే ఉంది" అన్నాడు తాత. ఒళ్ళు కాలిపోతున్నా ఆ మాట మెల్లగానే అన్నాడు. తిట్టినా అంత బాధపడేది కాదు సింగారి.

రెండు రోజులకి తాత పోయాడు.

ఇప్పటికీ తొలకరి పడితే చాలు, సింగారి కొండమీద రాయీరప్పా జరిపి వెతుకుతుంది. మట్టి ఎలా కలపాలో ఇప్పుడు దానికి బాగా తెలుసు. మొలక మాత్రం ఇంతవరకూ ఒక్కటీ కనిపించలేదు.

నీతి: ఒక ప్రాణాన్ని మన చేతికి అప్పగిస్తే, మన ముచ్చట కాదు, దాని అవసరం చూడాలి.