లక్కమాంబ సగం పుస్తకం

అనగనగా, విక్టోరియా రాణి ఏలుబడిలో, గోదావరి ఒడ్డున ఓ చిన్న సంస్థానం. అచ్చుపుస్తకాలు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న రోజులవి.

జమీందారు వీరభద్ర రాయణింగారు కొత్తగా పత్రిక పెట్టారు. "రాసేవాళ్లు బోలెడుమంది, చదివేవాళ్లే తక్కువ. బాగా చదివినవాళ్ల కథే మొదటి సంచికలో వేస్తాను" అని చాటించారు.

ముగ్గురు వచ్చారు. ఆశుకవి నరహరిశాస్త్రి, దివానుగారి మేనల్లుడు గజపతి, బడిపంతులుగారి కూతురు లక్కమాంబ. లక్కమాంబకు పదహారేళ్లు. తన కథను ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని ఆ పిల్ల ప్రాణం కొట్టుకుపోయేది.

చెన్నపట్నం నుంచి తెప్పించిన ఓ కథల పుస్తకాన్ని తలా ఒక ప్రతి ఇచ్చి, జమీందారు నెల గడువు పెట్టారు.

గడువు తీరింది.

"మహాప్రభో, మూడుసార్లు చదివాను. అక్షరం పొల్లుపోలేదు" అన్నాడు శాస్త్రి.

"నేను ఏడుసార్లు!" అన్నాడు గజపతి.

లక్కమాంబ తన పుస్తకం వంక చూసుకుంది. తనూ అంతా చదివేశానని ఓ అబద్ధం ఆడితే పోయేదేముంది? కానీ నోరు రాలేదు.

"సగమే అయిందండీ. ఒక్కో పుటా చదివి, పుస్తకం మూసి, నా మాటల్లో రాసుకుంటాను. రాయడం రాకపోతే మళ్లీ చదువుతాను. మా అమ్మ నత్తచదువంటుంది."

సభంతా నవ్వింది. పాపం, ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"పుస్తకాలు ఇలా తెండి" అన్నారు జమీందారు.

ఆ కాలంలో కొత్త పుస్తకాల కాగితాలు మడతలతోనే వచ్చేవి. అంచులు కత్తితో కోస్తేగాని లోపలి పుటలు కనబడవు. శాస్త్రి పుస్తకంలో ఒక్క మడతా తెగలేదు. తాటాకులు తిప్పిన చెయ్యి మరి!

"కథ మధ్యలో తెగిపోతుంటే ఏమనుకున్నావయ్యా?"

"అచ్చుపుస్తకాల తీరే అంతనుకున్నాను ప్రభో! లోపల కూడా ఉందాండీ?"

గజపతి పుస్తకంలో మడతలన్నీ తీరుగా తెగి ఉన్నాయి.

"మొదటి కథ దేన్ని గురించి?"

గజపతి గుమ్మం వైపు చూశాడు. "కోసింది మా బంట్రోతండీ. వాణ్ణి అడిగి చెబుతాను."

లక్కమాంబ పుస్తకం సరిగ్గా సగం దాకా తెగి ఉంది. అంచుల నిండా సిరా మరకలు. అదే ప్రశ్న అడిగితే, కథంతా చెప్పి, అక్కడితో ఆగకుండా, "రాకుమారి ఏడుపు మరీ ఎక్కువైందండీ, నేనైతే తగ్గిద్దును" అంది.

జమీందారు పకపకా నవ్వారు. "నీ కథే వేస్తానమ్మాయీ. ముందు ఆ మిగతా సగం చదువుకో. నీ నత్తచదువు అయ్యేదాకా నా పత్రిక ఆగుతుందిలే."

పిల్లలూ, వంద పుటలు చదివానని బొంకడం కంటే ఒక్క పుట నిజంగా చదవడం మేలు.