వేదికెక్కిన దొర

పూర్వం స్వీడన్ రాజధానిలో గొప్పవాళ్లంతా ఫ్రెంచి నాటకాలే చూసేవారు. దేశభాషలో హాస్యనాటకాలు ఆడేది ఒక్క చిన్న బృందమే. పాత పొగాకు గిడ్డంగే వాళ్ల నాటకశాల. ఒకప్పుడు చేపలమ్మిన బ్రీటా అందులో పేరున్న నటి.

ఒకరోజు ఆట మధ్యలో దర్బారు అధికారి స్టాల్‌బెర్గ్ దొర భటులతో వేదికెక్కి, ఫ్రెంచిలో ఏదో ప్రకటించాడు. జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదీ నాటకంలో భాగమే అనుకుని పగలబడి నవ్వారు.

గొప్పిళ్లకు చేపలమ్మే రోజుల్లో నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చిన బ్రీటాకు మాత్రం అర్థమైంది. ఈ క్షణం నుంచి వేదిక మీద స్వీడిష్ మాట పలికినవాళ్లను నగరం నుంచి వెళ్లగొడతారట! ఆమెకు ఒళ్లు మండిపోయింది. అమ్మ తనకు జోలపాడిన భాష వీళ్లకు అంత రోతా?

కోపం దిగమింగి, వచ్చీరాని ఫ్రెంచిలో, "జనానికి తెలియలేదు దొరా, మళ్లీ సెలవివ్వండి" అంది.

దొర మళ్లీ ఫ్రెంచిలోనే చెప్పాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. అతని ముఖం ఎర్రబడింది.

"నోళ్లు మూయండి, గాడిదల్లారా! ఇక్కడ స్వీడిష్ పలికినవాణ్ణి ఊరినుంచి తరిమేస్తాను!" అని చక్కని స్వీడిష్‌లో అరిచాడు.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"ఇప్పుడు అందరికీ అర్థమైంది దొరా," అంది బ్రీటా, స్వీడిష్‌లోనే. "ఆజ్ఞ వచ్చాక ఈ వేదిక మీద మొదట స్వీడిష్ పలికింది మీరే. మీరు ఊరు వదలండి, మీ వెనకే మేమూ మూటలు కట్టుకుంటాం."

భటులు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. దొర గబగబా వేదిక దిగిపోయాడు.

ఆ ఆజ్ఞ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ముందు దొరనే వెళ్లగొట్టాలి మరి.