సంపంగి చేసిన తిరగలి

సంపంగికి ఆరేళ్ళు. ఏ గింజనైనా నోట్లో వేసుకునే ముందు ఒకసారి వాసన చూస్తుంది.

ఆమె పునుగుపిల్లి. కాకిలోవ అడవిలో, కాఫీ మొక్కల నడుమ ఒక చెట్టుతొర్రలో, మొగుడు పరిమళరావుతో, అత్త పైడమ్మతో ఉండేది. ఆ అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు, నెమళ్ళు ఉండేవి. ఎలుగుబంటి ఒకటి ఉండేది. చిరుతపులి ఒకటి ఉండేది.

కాకిలోవలో అందరికీ కాఫీ పిచ్చి. వెదురు గొట్టంలో పొడి కూరి, వేడినీళ్ళను గట్టిగా ఒత్తి, తేనెలాంటి డికాషన్ దింపుకునేవారు. పట్నం చూసొచ్చిన మగ నెమలి ఒకడు దాన్ని ఎస్ప్రెస్సో అనాలని చెప్పాడు. పేరు ఏదైనా, దానికి పొడి సమంగా ఉండాలి. బరకగా ఉంటే నీళ్ళు గబగబా జారిపోయి కాఫీ పుల్లగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చుక్క దిగదు. రోట్లో దంచితే సగం నూక, సగం దుమ్ము.

మంచి మర ఎలుగుబంటి దగ్గరే ఉంది. ఇనుప మర. అలాంటిది ఇంట్లో పెట్టుకోవాలంటే ఇరవై తేనెపట్లు తెమ్మన్నాడు. ఎవరు తేగలరు? అందుకని గింజలు మోసుకుని, కొండల నడుమ లోవ దాటి, అతని గుహలో ఆడించుకొచ్చేవారు. నిన్నటి పొడికి వాసన ఉండదని మగవాళ్ళు ముఖం తిప్పుకుంటారు కాబట్టి రోజూ వెళ్ళాలి. వెళ్ళేది ఆడవాళ్ళు.

చిరుత ఉండేది ఆ లోవలోనే. మిట్టమధ్యాహ్నం అది నిద్రపోతుంది. ఆ వేళలోనే వెళ్ళి రావాలి. ఆలస్యమై ఇద్దరు కుందేళ్ళు, ఒక ముళ్ళపంది తిరిగి రాలేదు. వాళ్ళ మొగుళ్ళు కొన్నాళ్ళు ఏడ్చారు. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుని, కొత్త పెళ్ళాల చేతికి గింజల బుట్ట ఇచ్చారు.

అప్పుడు సంపంగి కడుపుతో ఉంది.

"ఈ కడుపుతో ఆ లోవలో పరిగెత్తలేను అత్తా," అంది.

"నీ మొగుణ్ణి కడుపులో పెట్టుకుని నేను పరిగెత్తలేదా పిల్లా?" అంది పైడమ్మ. కోడలి చేతిలో బుట్ట తీసి పక్కన పెట్టి, "నువ్వు పరిగెత్తొద్దు," అంది.

అత్తాకోడళ్ళు వాగులోంచి రెండు బల్లపరుపు రాళ్ళు దొర్లించుకొచ్చారు. చెకుముకి రాతితో వాటి ముఖాల మీద గంట్లు కొట్టారు. ఒకదాని మీద ఒకటి బోర్లించి పిడి పెట్టారు. రాయీ రాయీ ఒరుసుకోకుండా, నడుమ మేకు దించి, దాని మొదట్లో బెరడు చుట్టి, పై రాయిని వెంట్రుకవాసి ఎత్తి ఉంచారు.

మొదటి రోజు పొడి ఒక పక్క మెత్తగా, ఒక పక్క రవ్వలా వచ్చింది. సంపంగి బెరడు తీసి, కింది రాయికి మసి పూసింది. పై రాయిని మెల్లగా ఒక్క చుట్టు తిప్పి ఎత్తి చూసింది. మసి ఒక పక్కే చెరిగింది.

"పై రాయి ఇటు వాలింది అత్తా. మేకు దగ్గర దాని కింద ఏదైనా పెట్టాలి."

"మిరియాల ఆకు పెట్టి చూడు."

ఆకు ఎక్కువైంది. సగం చించి పెట్టారు. మళ్ళీ మసి, మళ్ళీ ఒక చుట్టు. పదకొండు రోజులు ఇద్దరి ముఖాలూ నల్లగానే ఉన్నాయి. పన్నెండో రోజు మసి అంతటా ఒకేలా చెరిగింది. ఆ రోజు బెరడు మళ్ళీ చుట్టి గింజలు పోస్తే, పొడి పుప్పొడిలా రాలింది.

పైడమ్మ మొదటి గుక్క తాగి కళ్ళు తుడుచుకుంది. "రెండు రాళ్ళు, ఒక ఆకు. దీనికోసమా పిల్లా నేను ఇన్నేళ్ళు చచ్చి బతికింది?"

పరిమళరావు రెండో గుక్క తాగాడు. మర్నాటి నుంచి అడవంతా, "మా ఇంట్లో ఒక తిరగలి తయారుచేశాను," అని చెప్పుకున్నాడు.

ఒక సాయంత్రం నెమలినీ కొండముచ్చునూ వెంటబెట్టుకొచ్చాడు. "చూడండి నా పనితనం!" అని పై రాయి ఎత్తాడు. "ఈ బెరడేమిటి? ఈ ఆకు ముక్కేమిటి? ఆడవాళ్ళకి శుభ్రం తెలియదు."

"అవి తీయకండి," అంది సంపంగి.

"నా తిరగలి గురించి నాకే చెప్తావా?"

రెండూ పీకి పారేశాడు. గింజలు పోయకుండానే, చప్పుడు వినమంటూ బలమంతా పెట్టి గిరగిరా తిప్పాడు. వాలిన రాయి అంచు కింది రాయిని కొరుకుతూ తిరిగింది. గంట్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. పై రాయి రెండుగా పగిలింది.

"చప్పుడు బాగుంది," అన్నాడు కొండముచ్చు. "మరి కాఫీ?"

పరిమళరావు ముఖం మాడిపోయింది. "ఏమే, ఎలుగుబంటి దగ్గరికెళ్ళి ఆడించుకురా."

"పొద్దు వాలుతోంది. చిరుత లేచే వేళ."

"అతిథుల ముందు నా పరువు తీస్తావా?"

పైడమ్మ లేచి బుట్ట అందుకుంది.

"వద్దత్తా. ఈ ఒక్కసారి కాదని చెప్పు."

"వీడి నాన్నకీ చెప్పలేదు, వీడికీ చెప్పలేదు. ఇప్పుడు నోరు రాదు పిల్లా. నువ్వు కూర్చో."

"పెద్దావిడ భలే చురుకు!" అంటూ నెమలి కాళ్ళు చాపుకున్నాడు.

పొద్దు గూకింది. పైడమ్మ రాలేదు. అతిథులు వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం సంపంగి లోవలోకి వెళ్ళింది. బుట్ట దొరికింది. అందులో పొడి ఉంది. పైడమ్మ వెళ్ళేటప్పుడు చిరుతకు చిక్కలేదు. ఆడించుకుని ఇంటికి వస్తూ చిక్కింది.

పరిమళరావు గుండెలు బాదుకుని ఏడ్చాడు. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ, "మా అమ్మకి నేనంటే ప్రాణం," అని చెప్పాడు. అది నిజమే.

సంపంగి ఆ బుట్ట అతని ముందు పెట్టింది. "మీరు అడిగిన పొడి," అంది. ఆ రోజే తొర్ర విడిచి వెళ్ళింది.

వాగు ఒడ్డున ఆమె ఇద్దరు కూతుళ్ళను కంది. కొత్త తిరగలి చేసింది. తిరగలి కావాలని వచ్చిన ప్రతివారి చేతా, ఆడైనా మగైనా, వాళ్ళ రాళ్ళకు వాళ్ళ చేతే గంట్లు కొట్టించింది. పరిమళరావు కూడా వచ్చాడు. చేతులు నొప్పెడుతున్నాయని రెండో రోజే వెళ్ళిపోయాడు. ఇప్పుడు బుట్ట పట్టుకుని లోవ దాటేది అతనొక్కడే.

సంపంగి అతని దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

నీతి: చేతులు కదపకుండా ఇతరుల పనిని తనదని చెప్పుకునేవాడు ఆ పనిని పాడుచేస్తాడు, కాదనడం నేర్వనివారు ఆ తప్పుకు ప్రాణమిస్తారు.